రోగి మాటే సాక్ష్యం: తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పికి తగిన చికిత్స ఎందుకు అందదు

రక్తపోటును కొలవడానికి యంత్రం ఉంది, రక్తంలో చక్కెర ఎంత ఉందో చెప్పే పరీక్ష ఉంది, విరిగిన ఎముకను చూపే ఎక్స్‌రే ఉంది. నొప్పిని కొలిచే పరికరం మాత్రం ఏ ఆస్పత్రిలోనూ లేదు. ఒక మనిషి ఎంత నొప్పి భరిస్తున్నదీ తెలుసుకోవడానికి ఆ మనిషిని అడగడం, చెప్పింది శ్రద్ధగా విని నమ్మడం తప్ప వైద్యుడికి మరో దారి లేదు. దీర్ఘకాలంగా తీవ్రమైన నొప్పితో బాధపడేవారికి చికిత్స సరిగా అందకపోవడానికి మందుల కొరత, నిపుణుల కొరత, చట్టాల చిక్కులు వంటి కారణాలు చాలానే ఉన్నాయి గానీ, వాటన్నిటికీ మూలంలో ఉన్న లోపం ఒకటే: రోగి చెప్పే మాటను సాక్ష్యంగా స్వీకరించడం మన వైద్య వ్యవస్థకు అలవాటు కాలేదు. రిపోర్టులో కనబడితేనే జబ్బు, కనబడకపోతే అనుమానం అన్న ధోరణి ఓపీ గదిలో మొదలై, మందుల షాపు మీదుగా, మాదకద్రవ్యాల చట్టం అమలు దాకా ఒకే తీరుగా సాగుతోంది.

మూడు నెలలకు మించి ఉండిపోయే నొప్పిని, లేదా తగ్గినట్టే తగ్గి అంతకాలం పాటు తిరిగి తిరిగి వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా వైద్యశాస్త్రం లెక్కిస్తుంది. గాయం మానాక కూడా నొప్పి ఎందుకు మిగులుతుందన్న ప్రశ్నకు గత అరవై ఏళ్ళలో చాలావరకు సమాధానం దొరికింది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు నొప్పి సంకేతాలు వెన్నుపాములో పెరగడానికీ తగ్గడానికీ అవకాశం ఉందని, మెదడు వాటిని ఉన్నవున్నట్టుగా అందుకోదని ప్రతిపాదించారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ చేసిన పరిశోధన మరో అడుగు ముందుకు వేసి, పదే పదే నొప్పికి గురైన వెన్నుపాములోని నాడీకణాలు మామూలు కంటే ఎక్కువగా స్పందించే స్థితికి మారిపోతాయని చూపింది. కాలిన వేలికి గోరువెచ్చని నీళ్ళు కూడా భరించలేని మంటగా తోచినట్టే, ఆ స్థితికి చేరిన నాడీవ్యవస్థకు చిన్న తాకిడి కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ కాలిన చర్మం పైకి కనిపించదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం కూడా కణజాలం దెబ్బతిన్నప్పుడు కలిగే అనుభవంతో పాటు, దెబ్బతిన్నట్టుగా తోచే అనుభవాన్ని సైతం నొప్పిగానే గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో దీర్ఘకాలిక నొప్పి తనంతట తానే ఒక జబ్బుగా చోటు సంపాదించుకుంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఈ వర్గీకరణ ప్రకారం, వేరే కారణం బయటపడకపోయినా నొప్పిని ఒక జబ్బుగా నమోదు చేయవచ్చు.

అయినా స్కానింగ్ మీద ఉన్న నమ్మకం రోగి మాట మీద లేదు. ఈ నమ్మకం రెండు వైపులా నష్టం చేస్తోంది. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎలాంటి నడుమునొప్పీ లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, వారిలో 52 శాతం మందికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కనీసం ఒక చోట ఉబ్బి కనబడింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. అంటే డిస్క్ ఉబ్బినంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు, డిస్కులన్నీ బాగున్నంత మాత్రాన నొప్పి లేదనీ కాదు. ఈ సంగతి తెలిసి కూడా ఫిల్ములో కనబడిన ఉబ్బును చూపి ఆపరేషన్‌కు తొందరపెట్టడం, ఏమీ కనబడని రోగికి మాత్రం ‘అంతా నార్మల్‌గానే ఉంది, ఎక్కువ ఆలోచించకండి’ అని చెప్పి పంపేయడం నిత్యం జరుగుతూనే ఉన్నాయి. ఇలా వెనక్కి వచ్చిన రోగి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, పట్నంలో ఎముకల డాక్టరు, తర్వాత నరాల డాక్టరు, ఆ తర్వాత ఎవరో చెప్పిన పసరు మందు అంటూ తిరుగుతుంటే, ప్రతి చోటా పరీక్షలు మొదటి నుంచి మొదలవుతాయి తప్ప అంతకుముందు ఏ మందు ఎంత మోతాదులో ఎన్నాళ్ళు వాడారో, దాని వల్ల ఏం మారిందో అడిగేవారు అరుదు.

తెలుగు నేల మీద ఇలాంటి నొప్పికి కారణాలు తక్కువేమీ కావు. తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని కీళ్ళు, వెన్ను బిగుసుకుపోయే జబ్బు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. నల్లగొండ ప్రాంతంలో ఇదే జబ్బు తరాల తరబడి మనుషులను వంచేసింది. శుద్ధి చేసిన నీళ్ళు ఇప్పుడు ఊళ్ళకు చేరుతున్నాయి గనుక కొత్త తరం బయటపడే అవకాశం ఉంది గానీ, ఎముకలు ఇప్పటికే గట్టిపడిపోయిన పెద్దవారికి ఆ నీళ్ళతో నొప్పి తగ్గదు. వారికి కావలసింది జీవితాంతం సాగే నొప్పి చికిత్స, ఫిజియోథెరపీ. ప్రభుత్వ పథకాలు నీటి గురించి మాట్లాడినంతగా వారి నొప్పి గురించి మాట్లాడలేదు. 2005 చివరలో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలెత్తి దేశమంతా వ్యాపించిన చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి, కొందరిలో ఏళ్ళ తరబడి కీళ్ళనొప్పులు మిగిలిపోయాయి. మధుమేహం ఇంటింటి జబ్బు అయ్యాక అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, రాత్రి నిద్ర పట్టనివ్వని పోట్లు కూడా అంతే విస్తరించాయి. ఆదిలాబాద్ అడవుల నుంచి అల్లూరి జిల్లా మన్యం దాకా గిరిజన కుటుంబాల్లో కనబడే సికిల్ సెల్ జబ్బులో, కొడవలి ఆకారంలోకి మారిన ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడినప్పుడు వచ్చే నొప్పి వైద్యం ఎరిగిన అత్యంత తీవ్రమైన నొప్పుల్లో ఒకటి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ రక్తపరీక్షల మీద బాగా దృష్టి పెట్టింది. పరీక్షలో జబ్బు ఉందని తేలిన యువకుడు అర్ధరాత్రి నొప్పితో మెలికలు తిరుగుతూ ఆస్పత్రికి వస్తే ఏం ఇవ్వాలన్న దాని మీద కూడా అంతే దృష్టి ఉండాలి. పదే పదే వచ్చి ఫలానా ఇంజెక్షన్‌తోనే తగ్గుతుందని అడిగే ఇలాంటి రోగిని మత్తుకు అలవాటుపడినవాడిగా చూడడం ప్రపంచమంతటా ఉన్న దురలవాటు. తన జబ్బు గురించి బాగా తెలిసి ఉండడమే ఆ రోగి పాలిట నేరమవుతోంది.

స్త్రీల నొప్పి విషయంలో ఈ అపనమ్మకం రెట్టింపు. గర్భాశయపు లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వంటి జబ్బును గుర్తించడానికే ఏళ్ళు పడుతోంది, ఎందుకంటే నెలసరి నొప్పి భరించాల్సిందేనని ఇంట్లో పెద్దవాళ్ళూ, ఆస్పత్రిలో వైద్యులూ ఒకే మాట చెబుతారు. ఒళ్ళంతా నొప్పులు, నిద్రలేమి, నీరసం కలిసి ఉండే ఫైబ్రోమయాల్జియా కూడా స్త్రీలలోనే ఎక్కువగా గుర్తించబడుతోంది. దానికి రక్తపరీక్ష లేదు కాబట్టి పనికి బద్ధకం అన్న నింద తొందరగా పడుతుంది.

నమ్మని చోట చికిత్స దొరకకపోతే మనిషి ఊరుకోడు, మందుల షాపుకు వెళతాడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు చీటీ లేకుండానే చేతికి వస్తాయి. వారం పది రోజులకు ఇవి చాలా మంచి మందులు. నెలల తరబడి రోజూ మింగితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, రక్తపోటు పెరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం వంటి నష్టాలు వెంట వస్తాయి. మూత్రపిండాల జబ్బు విస్తరించిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట ఈ మాత్రల వాడకం ఇంకా ప్రమాదకరం. కొన్ని చోట్ల నొప్పి ఇంజెక్షన్ పేరుతో స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తుంటారు. రోగికి ఆ పూట అద్భుతంగా ఉంటుంది, కొన్నాళ్ళకు ఎముకలు గుల్లబారి చక్కెర పెరుగుతుంది. ఇంకా విచారకరమైన విషయం ఏమిటంటే, నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే మంటలకూ, కరెంటు షాకు కొట్టినట్టుండే పోట్లకూ ఈ మాత్రలు పెద్దగా పనిచేయవు. అరికాళ్ళ మంటకు డైక్లోఫెనాక్ మింగుతున్న మధుమేహ రోగి ఉపశమనం పొందకుండానే తన మూత్రపిండాలను పణంగా పెడుతున్నాడు. నొప్పి ఎలా ఉంది, సలుపా, మంటా, సూదులతో గుచ్చినట్టా, పిండేసినట్టా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మందు రాసే పని ఉండేది కాదు.

అపనమ్మకం చట్టం రూపం ధరిస్తే ఎంత నష్టం జరుగుతుందో తెలియాలంటే మన దేశంలో మార్ఫిన్ చరిత్ర చూడాలి. మార్ఫిన్ నల్లమందు నుంచి తీసే మందు. క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పికి దీన్ని మించినది ఇంకా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో తొలిసారి ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలోనే ఇది ఉంది. 1986లో అదే సంస్థ క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతిని సూచిస్తూ, మందును వీలైనంత వరకు నోటి ద్వారా ఇవ్వాలని, నొప్పి వచ్చాక కాక గడియారం చూసి వేళకు ఇవ్వాలని, నొప్పి తీవ్రతను బట్టి మెట్టు పెంచాలని చెప్పింది. ఈ మందుకు ముడిసరుకు పండించేది మనమే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో ఇచ్చే లైసెన్సుతో గసగసాల మొక్కను సాగుచేస్తారు. పచ్చి కాయకు గాటు పెట్టి తీసిన నల్లమందు ఘాజీపూర్, నీముచ్ ప్రభుత్వ కర్మాగారాలకు చేరుతుంది. అమెరికా 1981లో తెచ్చిన నియమం ప్రకారం తన మందుల కంపెనీలకు కావలసిన ముడిసరుకులో కనీసం 80 శాతాన్ని భారత్, టర్కీల నుంచే కొనాలి. పరాయి దేశాల రోగుల నొప్పి తీర్చే పంట మన పొలాల్లో పండుతూ ఉండగానే, మన క్యాన్సర్ వార్డుల్లో మార్ఫిన్ మాత్ర దొరకని పరిస్థితి ఏర్పడింది.

దానికి దారితీసింది 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం. మత్తుపదార్థాల అక్రమ రవాణాను అరికట్టడం దాని లక్ష్యం, ఆ లక్ష్యాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఆ చట్టం కింద చాలా నేరాలకు కనీసం పదేళ్ళ జైలుశిక్ష ఉండేది. మార్ఫిన్ కొనడానికి, దగ్గర ఉంచుకోవడానికి, రాష్ట్రం దాటించడానికి వేర్వేరు అనుమతులు కావలసి వచ్చేవి. ఒక అనుమతి చేతికి వచ్చేలోగా మరొకదాని గడువు తీరిపోయేది. రాష్ట్రానికో తీరుగా ఉన్న ఈ నియమాల అమలు ఎక్కువ చోట్ల ఎక్సైజ్ శాఖ చేతుల్లో ఉండేది. రిజిస్టరులో ఒక్క మాత్ర లెక్క తప్పితే జైలు పాలవుతామన్న భయంతో ఆస్పత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి, అమ్మకం లేక తయారీదారులు వెనక్కి తగ్గారు. 1985లో 716 కిలోలుగా ఉన్న దేశపు మార్ఫిన్ వాడకం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. ఒక్కో రోగికి రోజుకు 60 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇవ్వాలనుకుంటే ఆ 18 కిలోలు దాదాపు 3,300 మందికి సరిపోతాయి; ఏటా కొత్తగా బయటపడే క్యాన్సర్ కేసులే అప్పటికి లక్షల్లో ఉండేవి. మిగతావారు ఎలా చనిపోయి ఉంటారో ఆలోచించడానికే కష్టంగా ఉంటుంది. ఆ పన్నెండేళ్ళలో చదువుకున్న వైద్యుల్లో చాలామంది ఒక్క రోగికైనా మార్ఫిన్ రాయకుండానే డిగ్రీ పూర్తిచేసి, ఆ తర్వాత తాము ఎన్నడూ వాడని మందు గురించిన భయాన్ని తమ విద్యార్థులకు అందించారు.

ఈ స్థితిని మార్చే పని కేరళలో మొదలైంది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ప్రారంభించిన పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పిని, బాధను తగ్గించే సేవ) కేంద్రం, రోగి ఇంటికే వెళ్ళి చికిత్స చేసే పద్ధతిని స్థానిక ప్రజల భాగస్వామ్యంతో నిలబెట్టింది. మార్ఫిన్ మాత్రలను ఇళ్ళకు పంపినా అవి దారి తప్పలేదన్న అనుభవం అక్కడే పోగైంది. నియమాలు మార్చాలని అడిగేవారికి అదే బలమైన ఆధారమైంది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌ను తన ఆరోగ్య విధానంలో భాగం చేసుకుంది. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2009లో విడుదల చేసిన నివేదిక, ప్రభుత్వ సాయంతో నడిచే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో సగానికి పైగా నొప్పి చికిత్స గానీ పాలియేటివ్ సేవ గానీ లేవని బయటపెట్టింది. చివరికి 2014లో పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించింది. దురుపయోగాన్ని అరికట్టడంతో పాటు వైద్య అవసరాలకు మందు అందేలా చూడడం కూడా ప్రభుత్వ బాధ్యతేనని చట్టంలోనే చేర్చారు. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, కోడీన్ అనే ఆరింటిని అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, వాటి నియమాలను కేంద్రం చేతిలోకి తెచ్చారు. 2015 నాటి నియమాల ప్రకారం, నొప్పి చికిత్సలో శిక్షణ పొందిన వైద్యుడు ఉండి, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఇచ్చిన వైద్య సంస్థ విడివిడి లైసెన్సులు లేకుండానే ఈ మందులను తెప్పించుకుని రోగులకు ఇవ్వవచ్చు.

చట్టం మారి పదేళ్ళు దాటినా ఆచరణలో మార్పు చాలా నెమ్మదిగా వస్తోంది. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ వేసిన లెక్క ప్రకారం భారతదేశంలో తీవ్ర అనారోగ్య బాధకు అవసరమైన ఓపియాయిడ్ (మార్ఫిన్ వర్గపు) మందుల్లో అందుతున్నది 4 శాతమే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ విభాగం తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి పునాది వేసింది. అక్కడ శిక్షణ పొందినవారు ఇతర ఆస్పత్రులకు ఆ జ్ఞానాన్ని తీసుకువెళ్ళారు. తెలంగాణలో జిల్లా స్థాయిలో కూడా పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. అయినా సొంత జిల్లాలో గుర్తింపు పొందిన ఆస్పత్రి ఎక్కడుందో తెలియక, మాత్రల కోసం కదలలేని రోగిని గానీ అతని కుటుంబసభ్యులను గానీ వందల కిలోమీటర్లు తిప్పే పరిస్థితి రెండు రాష్ట్రాల్లోనూ పూర్తిగా పోలేదు.

మార్ఫిన్ అనగానే కుటుంబాల్లో రెండు భయాలు లేస్తాయి. మొదటిది అలవాటు పడతారన్నది. కొన్ని వారాలు వాడిన శరీరం ఈ మందుకు అలవాటు పడడం, హఠాత్తుగా ఆపితే ఇబ్బంది కలగడం నిజమే; ఇది స్టెరాయిడ్లు, కొన్ని రక్తపోటు మందుల విషయంలోనూ జరుగుతుంది, నెమ్మదిగా తగ్గిస్తే సరిపోతుంది. వ్యసనం వేరు: హాని జరుగుతున్నా మందు కోసం వెంపర్లాడడం, మోతాదు మీద అదుపు పోవడం దాని లక్షణాలు. వైద్యుడి పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేవారిలో ఇది అరుదు. నొప్పి సరిగా తగ్గక మళ్ళీ మళ్ళీ మందు అడిగే రోగిని వ్యసనపరుడిగా పొరబడడం మాత్రం తరచు జరుగుతుంది. రెండో భయం, మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టేనన్నది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే ఈ మందు ఆయుష్షును తగ్గించదు. నొప్పి తగ్గిన రోగి తింటాడు, నిద్రపోతాడు, లేచి నాలుగడుగులు వేస్తాడు. మొదట్లో వికారం, మగత కొన్ని రోజులుంటాయి. మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది గనుక విరేచన మందు కూడా మొదటి రోజు నుంచే ఇవ్వాలి. ఆ చిన్న జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల మంచి చికిత్సను మధ్యలో మానేసేవారున్నారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించడమో, ఫెంటనిల్ వంటి మరో మందుకు మార్చడమో అవసరమవుతుంది.

ఇంతవరకు చెప్పింది క్యాన్సర్ వంటి ప్రాణాంతక జబ్బుల నొప్పి గురించి. నడుమునొప్పి, మోకాళ్ళ నొప్పి, ఫైబ్రోమయాల్జియా వంటి ఏళ్ళ తరబడి సాగే నొప్పులకు ఇదే సూత్రాన్ని వర్తింపజేయకూడదన్నది అమెరికా చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్న పాఠం. అక్కడ 1990లలో నొప్పిని నాడి, ఉష్ణోగ్రతలతో సమానంగా కొలవాలన్న ఉద్యమం మంచి ఉద్దేశంతోనే వచ్చింది. అదే కాలంలో, 1996లో, ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ మాత్రను పర్డ్యూ కంపెనీ విస్తృతంగా అమ్మడం మొదలుపెట్టింది; దాని వ్యసన ప్రమాదాన్ని తక్కువ చేసి చూపి మోసపూరితంగా ప్రచారం చేసినట్టు 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. రోగి చెప్పిన అంకె విన్నారు, వెంటనే చీటీ రాశారు. ఆ అంకె వెనుక ఉన్న మనిషి జీవితాన్ని, నొప్పి స్వభావాన్ని, వ్యసన ప్రమాదాన్ని చూడలేదు. వేలాది మరణాల తర్వాత లోలకం రెండో వైపుకు ఊగింది. 2016లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోని మోతాదు పరిమితులను బీమా కంపెనీలు, రాష్ట్ర ప్రభుత్వాలు కఠిన నియమాలుగా మార్చుకోవడంతో, ఏళ్ళుగా నిలకడగా మందు వాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నవారికి కూడా ఒక్కసారిగా మోతాదు కోసేశారు. 2019 ఏప్రిల్‌లో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ, ఇలా హఠాత్తుగా ఆపడం వల్ల తీవ్ర నొప్పి, మానసిక క్షోభ, ఆత్మహత్యలు కూడా సంభవిస్తున్నాయని హెచ్చరించవలసి వచ్చింది. 2022లో వ్యాధి నియంత్రణ కేంద్రమే తన మార్గదర్శకాలను సవరించి, అంకెలను దాటరాని గీతలుగా కాక వైద్యుడి విచక్షణకు సాయంగా వాడాలని చెప్పింది. విచ్చలవిడిగా రాసిన రోజుల్లోనూ, ఒక్కసారిగా కోసిన రోజుల్లోనూ ఒకే లోపం ఉంది: ఎదురుగా ఉన్న మనిషితో కూర్చుని మాట్లాడే సమయం ఎవరూ తీసుకోలేదు.

ఏళ్ళ తరబడి సాగే ఆ నొప్పులకు ఓపియాయిడ్లు ఎంతవరకు పనిచేస్తాయన్న ప్రశ్నకు 2018లో వెలువడిన ఒక అమెరికన్ పరీక్ష సూటిగా జవాబిచ్చింది. మోస్తరు నుంచి తీవ్రమైన స్థాయి దాకా నడుము, తుంటి, మోకాళ్ళ నొప్పులున్న 240 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఓపియాయిడ్లు, మరో గుంపుకు ఇతర మందులు ఏడాది పాటు ఇస్తే, రోజువారీ పనులు చేసుకోగలగడంలో తేడా ఏమీ లేకపోగా, నొప్పి తీవ్రత రెండో గుంపులోనే కాస్త తక్కువగా ఉంది. నరాల నొప్పికి ఎమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ వంటి మందులు వాడతారు. ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి 2015లో వేసిన లెక్క ప్రకారం, ప్రెగాబాలిన్ ఇచ్చిన దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి, ఎమిట్రిప్టిలిన్ వర్గపు మందులు ఇచ్చిన దాదాపు నలుగురిలో ఒకరికి మాత్రమే మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మించిన మేలు సగం నొప్పి తగ్గే స్థాయిలో జరిగింది. ఈ లెక్క నిరాశ కలిగించడానికి కాదు. మొదటి మందు పనిచేయకపోవడం మామూలు విషయమని, తగిన మోతాదులో తగినన్ని వారాలు వాడి చూసి, ఫలితం లేకపోతే మరొకదానికి మారడమే సరైన పద్ధతి అని రోగికి ముందే చెప్పాలి. అలా చెప్పని చోట, పది రోజులు వాడి మానేసిన రోగి ఏ మందూ పనిచేయదన్న నిర్ణయానికి వస్తాడు, వైద్యుడేమో రోగి మాట వినడన్న నిర్ణయానికి వస్తాడు. మందులతో పాటు క్రమంగా పెంచే వ్యాయామం, నిద్రను సరిచేయడం, నొప్పి పట్ల భయాన్ని తగ్గించే మానసిక చికిత్స, కొందరికి నరాల దగ్గర ఇచ్చే ఇంజెక్షన్లు కలిస్తేనే ఫలితం నిలుస్తుంది. మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే నొప్పి అబద్ధమని అన్నట్టుగా రోగి బాధపడడం సహజం. నొప్పి, దిగులు ఒకదాన్నొకటి పెంచుతాయని, రెండింటికీ చికిత్స కావాలని విడమరచి చెప్పే ఓపిక వైద్యుడిలో ఉండాలి. జాతీయ నేర గణాంకాల్లో ఆత్మహత్యలకు కారణాలుగా నమోదయ్యేవాటిలో కుటుంబ సమస్యల తర్వాతి స్థానం అనారోగ్యానిదే. చావాలనిపిస్తోందని నొప్పితో ఉన్న మనిషి అంటే దాన్ని విసుగుతో అన్న మాటగా కొట్టిపారేయకూడదు. అదే రోజు వైద్యుడికి చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

వ్యవస్థ మారేదాకా రోగి తన మాటకు బలం చేకూర్చుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. నొప్పికి సున్నా నుంచి పది మధ్య ఒక అంకె చెప్పడం ఉపయోగమే గానీ, ఆ నొప్పి వల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పడం ఇంకా ఎక్కువ ఉపయోగం: పది నిమిషాలు నిలబడి వంట చేయలేకపోతున్నాను, రాత్రి మూడుసార్లు మెలకువ వస్తోంది, బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నాను అన్న మాటలు వైద్యుడికి లక్ష్యాన్ని ఇస్తాయి. వాడిన ప్రతి మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళు వాడిందీ, షాపులో అడిగి కొన్నవాటితో సహా ఒక కాగితం మీద రాసి తీసుకువెళితే ఓపీలోని కొద్ది నిమిషాలూ వృథా కావు. పెద్ద ఆస్పత్రుల్లో మత్తు వైద్య (అనస్థీషియా) విభాగం కింద పెయిన్ క్లినిక్ ఉంటుందని చాలామందికి తెలియదు, ఉందా అని అడగాలి. క్యాన్సర్ రోగి కుటుంబం పాలియేటివ్ విభాగం కోసం కీమోథెరపీ అయిపోయేదాకా ఆగనక్కర్లేదు. చికిత్స సాగుతుండగానే అక్కడ నమోదు కావచ్చు. అయితే నొప్పితో కుంగిపోయిన మనిషి తన వాదన తానే వినిపించుకోవాలని కోరడం న్యాయం కాదు, అందుకే వెంట వచ్చే కుటుంబసభ్యుడి పాత్ర ఇక్కడ చాలా పెద్దది.

ప్రభుత్వాలు చేయవలసిన పనిలో ఒక చిక్కుముడి ఉంది. గుర్తింపు పొందిన ప్రతి సంస్థా రాబోయే ఏడాదికి ఎంత మార్ఫిన్ కావాలో ముందుగా అంచనా పంపాలి, ఆ అంచనాకు సాధారణంగా ఆధారం గత ఏడాది వాడకం. నొప్పి గురించి అడగని ఆస్పత్రిలో కేసు షీటు మీద నొప్పి ఉండదు. కేసు షీటు మీద లేని నొప్పికి మందు రాయరు. రాయని మందు వాడకం సున్నా, కాబట్టి వచ్చే ఏటి అంచనా కూడా సున్నాకు దగ్గరగానే ఉంటుంది. అధికారి దృష్టిలో అక్కడ కొరతే లేదు. ఈ ముడి విప్పాలంటే జిల్లా ఆస్పత్రిలో ఒక వైద్యుడికి, ఇద్దరు నర్సులకు నొప్పి చికిత్సలో శిక్షణ ఇచ్చి, వార్డులోని ప్రతి రోగినీ నొప్పి ఉందా, ఎక్కడ, ఎలా, దేనికి అడ్డం వస్తోంది అని అడిగి రాసే బాధ్యతను వారికి అప్పగించాలి, మొదటి ఏడాది అంచనాను పాత రిజిస్టరును బట్టి కాక ఆ రాతలను బట్టి వేయాలి.